నాయనమ్మను తన్నిన రాజకుమారుడు

పడమటి సముద్రం ఒడ్డున, అలలు ఎంత ఎగిరినా నడుము కూడా తడపలేనంత ఎత్తైన నల్లరాతి కొండ ఒకటుంది. దాని నెత్తిమీద శంఖదుర్గం. పొద్దుటి ఎండలో ఆ కోట బురుజులు పగడాల రంగు తిరుగుతాయి, మధ్యాహ్నానికి ముత్యాల తెలుపుకి వస్తాయి, సాయంత్రమయ్యేసరికి మేలిమి బంగారమై మెరుస్తాయి. వెండిరేకులు తాపిన గోపురాలు, పచ్చలు పొదిగిన గవాక్షాలు, నోటివెంట పన్నీరు చిమ్మే చలువరాతి సింహాలు, వాకిట్లో పురివిప్పి తిరిగే నెమళ్ళు. ఇంత చక్కటి కోట కట్టుకున్నవాడు అందులో కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోవచ్చు కదా! కూర్చోడు. ఆ కోటకి యజమాని అయిన మాంత్రికుడు వక్రకేతుడికి కాళ్ళు ఒక్కచోట నిలవవు. ఆయనకి బంతాట పిచ్చి.

ఆ పిచ్చి వల్లనే ఒక రాజ్యానికి రాజమాత లేకుండా పోయింది. ఆ కథ తెలియనివాళ్ళ కోసం ఇక్కడ కాస్త ఆగుదాం.

మౌక్తికపురి రాజమాత మహిమాంబాదేవి కిందటి పౌర్ణమినాడు రాజభవనం మేడమీద గుమ్మడి వడియాలు పెట్టించింది. రాజమాత అయితేనేం, వడియాల విషయంలో ఆవిడ దాసీలను నమ్మదు, సేనాపతిని అసలే నమ్మదు. తానే కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చుంది. అదే సమయంలో మేఘాల మీద ఒంటరిగా బంతాడుకుంటూ పోతున్న వక్రకేతుడికి కాలు తప్పింది. బంతి వచ్చి వడియాల నడుమ పడి, వరసకి వరస పచ్చడి చేసింది. మాంత్రికుడు మేఘం అంచు పట్టుకుని కిందకి తొంగిచూసి, "అవ్వా, బంతి!" అన్నాడు.

రాజమాత కర్ర పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి కత్తిపీట తెచ్చింది. బంతిని చక్కగా రెండు చెక్కలు కోసింది. "ఇదిగో నాయనా, ఇప్పుడు రెండున్నాయి. ఆడుకో!" అని పైకి విసిరేసింది.

వక్రకేతుడు ఆ చెక్కలు రెండూ గుండెలకు హత్తుకుని బావురుమన్నాడు. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. "బంతి కోసినవాళ్ళే బంతి అవుదురుగాక! వచ్చే అమావాస్య నాడు పొద్దు గుంకేలోగా నిన్నెవరైనా ఆటలో గెలుచుకుంటే సరి, లేదంటే నువ్వు ఎప్పటికీ బంతివే!" అని మంత్రం చదివాడు. రాజమాత గిర్రున తిరిగి, గుండ్రంగా చుట్టుకుపోయి, ఎగిరి ఆయన ఒళ్ళో పడింది. మిగిలిన వడియాలు కాకులు తినేశాయి.

ఆ అమావాస్య ఇవాళే. ఆ మిట్టమధ్యాహ్నం శంఖదుర్గం మెట్లు ఎక్కుతున్నవాళ్ళు ఇద్దరు. ముందున్నవాడు రాజమాత మనవడు, యువరాజు రత్నబాహుడు. చేతులు మోకాళ్ళని అందుతాయి. ఆ చేతుల బలం తెలిసిన పొరుగు రాజులు కప్పం అడక్కుండానే పంపిస్తారు. తల్లి పురిట్లోనే పోతే అతన్ని పెంచి ఇంతవాణ్ణి చేసింది నాయనమ్మే. ఆవిడ తిట్టందే అతనికి పొద్దు పొడవదు, ఆవిడ గోరుముద్ద పెట్టందే పొద్దు గుంకదు. ఆవిడ లేని ఈ రోజుల్లో అతను సగమయ్యాడు.

వెనకున్నవాడు గజ్జెలయ్య, మౌక్తికపురి కోటలో వార్తలు మోసుకుని పరుగెత్తేవాడు. పుట్టింది సముద్రపు ఒడ్డు పల్లెలో. వక్రకేతుడు ఆడే ఆట పడవబంతి అని, అది తనకి కొట్టినపిండి అని చెప్పి వెంట వచ్చాడు.

దారిలో వాళ్ళు ఆవలించే లోయని అది నోరు మూసుకున్న క్షణం చూసి దాటారు. ఒంటికాలి భూతాన్ని పరుగుపందెంలో ఓడించారు, అయితే అది చెప్పుకోదగ్గ ఘనకార్యం కాదు. మనుషుల్ని మింగే ఊబి గజ్జెలయ్యని మొలదాకా మింగి, అతని వాగుడు భరించలేక తానే బయటికి ఉమ్మేసింది. ఇన్ని గండాల మధ్య కూడా అతను ఆట నేర్పడం మానలేదు.

"మా పల్లెలో చేపల ఏట లేని రోజున పడవ బోర్లా ఏసి ఆడతారండి బాబూ," అన్నాడు మెట్టు మెట్టుకీ వగరుస్తూ. "నడిమధ్య అడ్డంగా వల కడతారండి. ఇటొకడు, అటొకడు. మనం కొట్టిన బంతి ఆడేపు పడవ మీద పడాల. ఆడు మూడు తాకుల్లోపల దాన్ని మనేపు తోలాల. బంతి నేలబడిందా, గవ్వ పోయినట్టే. ఒక్క అవయవంతోటే వరసగా రెండు తడవలు తాకినా గవ్వ పోయినట్టే. పడవకి ఒళ్ళు తగిలినా పోయినట్టే. ముందు ఏడు గవ్వలు ఎవడు కూడబెడితే ఆడిదే బంతండి."

"చేతితో ఎన్నిసార్లు తాకొచ్చు?"

"చెయ్యి తగలకూడదండి. అసలే తగలకూడదు."

రత్నబాహుడు తన చేతుల వంక బెంగగా చూసుకున్నాడు. "మరి ఇవెందుకయ్యా నాకు?"

"పక్కకి ఏలాడేసుకోండి బాబూ. అందంగా ఉంటాయి."

కోట ద్వారం దగ్గర ఘటోదరి అనే రాక్షసి కాపలా ఉంది. కొత్తవాళ్ళని చూడగానే ఒక తాటికాయ తీసి గాలిలోకి విసిరి, "ఆటగాళ్ళయితే దీన్ని కాలితో ముమ్మారు ఎగరెయ్యండి, లేకపోతే నా మధ్యాహ్న భోజనం మీరే!" అంది. రత్నబాహుడు ముమ్మారూ ఎగరేశాడు. ముమ్మారూ బొటనవేలికే తగిలింది. వేలు వాచి తాటికాయకి తమ్ముడిలా తయారైంది గాని, తలుపు మాత్రం తెరుచుకుంది.

లోపలికి అడుగుపెట్టే ముందు ఇద్దరూ మారువేషం సర్దుకున్నారు. యువరాజుకి గుర్రపు తోకవెంట్రుకల మీసం, దూరద్వీపం నుంచి వచ్చిన పడవబంతి ప్రవీణుడినని పేరు. గజ్జెలయ్య అతని గురువుగారు. గురువుగారికి గడ్డం కూడా కావాలన్నాడు గాని, బయల్దేరిన రోజున లాయంలో గుర్రం ఒప్పుకోలేదు.

కోట నడిబొడ్డున, సముద్రం వైపు తెరిచి ఉన్న విశాలమైన చలువరాతి వేదిక మీద బోర్లించిన పడవ ఉంది. ఎర్రచందనం పడవ. ఏళ్ళ తరబడి బంతి పడీ పడీ దాని వీపు అద్దంలా నునుపు తేలింది. నడుమన ముత్యాలు గుచ్చిన వల. అటూ ఇటూ గెలిచిన గవ్వలు పడేందుకు చెరో గిన్నె. వేదిక పక్కన స్తంభానికి ఆనుకుని పాలరాతి సాలభంజిక ఒకతె నిలబడి ఉంది. ఆమే తీర్పరి. అబద్ధం చెబితే ఆమె ముక్కలైపోతుంది. అందుచేత మాంత్రికుడైనా సరే ఆమె మాటకి ఎదురు చెప్పలేడు.

పడవ చుట్టూ చెంగుచెంగున గెంతుతున్నాడు వక్రకేతుడు. బారెడు గడ్డాన్ని బంతికి తగలకుండా జడ అల్లి వీపు వెనక్కి వేసుకున్నాడు. కొత్త ఆటగాణ్ణి చూసేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వచ్చావా నాయనా! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! ఈ కోటలో నాతో ఆడేవాడే లేడు. భూతాలకి కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి, కొట్టిన ప్రతి బంతీ వాటి ఇంటికే పోతుంది. దెయ్యాల లోంచి బంతి దూసుకుపోతుంది. చచ్చిపోతున్నాననుకో విసుగొచ్చి! రా, రా, ఏం పందెం?"

"నేను గెలిస్తే బంతి నాది," అన్నాడు రత్నబాహుడు గొంతు బొంగురు చేసుకుని.

"ఓడిపోతే?"

"మా శిష్యుడు జన్మంతా నీతో ఆడుతూ ఇక్కడే పడుంటాడు," అన్నాడు గజ్జెలయ్య ధారాళంగా. ఇచ్చేది తన జన్మ కాదు కదా!

వక్రకేతుడు పట్టుపెట్టె మూత తీశాడు. లోపల బంతి ఉంది. మాగిన గుమ్మడిపండు రంగు. నడుముకి పట్టుచీర జరీ అంచు చుట్టుకుని ఉంది. ఒక పక్కన వజ్రపు ముక్కుపుడక తళుక్కుమంది. రత్నబాహుడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపల బంతే మాట్లాడింది.

"ఒరేయ్ రత్నం! ఆ మీసమేమిట్రా, మూతి మీద బొద్దింక పాకినట్టు? తీసెయ్యి ముందు! ఏమిట్రా అలా చిక్కిపోయావు? వంటవాళ్ళు నెయ్యి వెయ్యడం మానేశారా?"

మారువేషం అక్కడితో సరి. రత్నబాహుడు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. "నాయనమ్మా!" అన్నాడు.

మాంత్రికుడు కోపగించలేదు. కడుపు పట్టుకుని నవ్వాడు. "నాయనమ్మా? నువ్వు ఈవిడ మనవడివా? ఓహో, అయితే మరీ మంచిది. ఆడు నాయనా, ఆడు. ఏం ఆడతావో చూస్తాను!"

ఆయన ఎందుకు నవ్వాడో మొదటి దెబ్బకే తెలిసిపోయింది.

మాంత్రికుడు బంతిని ఎగరేసి మడమతో కొట్టాడు. అది వల దాటి, యువరాజు వైపు పడవ వీపు మీద పడి పైకి లేచింది. రత్నబాహుడు గురి చూసి కుడికాలితో తన్నాడు. చక్కగా తగిలింది. తగిలింది ఎవరికి? నాయనమ్మకి. మనం పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ కాలు ఎవరికైనా తగిలితే ఏం చేస్తాం? ఆలోచించం కదా. చెయ్యి దానంతటదే పోతుంది. రత్నబాహుడి చెయ్యి కూడా దానంతటదే ముందుకు పోయి, గాలిలో ఉన్న బంతిని ముట్టుకుని, వచ్చి కళ్ళకి అద్దుకుంది.

"చెయ్యి!" అంది సాలభంజిక. మాంత్రికుడి గిన్నెలో గవ్వ టింగుమంది.

రెండోసారి రత్నబాహుడు పళ్ళు బిగించి ఎడమకాలితో తన్నాడు. మళ్ళీ చెయ్యి. మళ్ళీ కళ్ళు. మళ్ళీ టింగు. చేతులు అంత పొడుగు కావడం ఎంత శాపమో అతనికి ఆ రోజే తెలిసింది. బంతి పారిపోదామన్నా అవి పోనివ్వవు.

"నన్నే తన్నావట్రా!" అంది బంతి. "పెంచి పెద్దచేసినందుకు బాగా బుద్ధి చెప్పావు!"

"తప్పయిపోయింది నాయనమ్మా!"

"తప్పు తరవాత సంగతి. ఓడిపోతున్నావు, అది చూసుకో! మన వంశంలో ఓడినవాళ్ళు లేరు!"

"తన్నమంటావా, వద్దంటావా?"

"నేనెందుకంటాను తన్నమని? నోరెలా వస్తుంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గజ్జెలయ్య తలపాగా విప్పి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, చేతులు ఎనక్కి కట్టేస్తానండి!" సాలభంజిక కనుబొమ్మ కదిపి, "కట్టుకుని ఆడటం శాస్త్రంలో లేదు. చేతులుండీ వాడకపోవడమే ఈ ఆట" అంది. గజ్జెలయ్య తలపాగా మళ్ళీ చుట్టుకుని, "నేనూ అదే అనుకున్నానండి" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

మూడో గవ్వ, నాలుగో గవ్వ కూడా అదే దారిన పోయాయి. రత్నబాహుడి గిన్నె ఖాళీ. ఎండ వాలుతోంది. మాంత్రికుడు ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ పాటందుకున్నాడు. రత్నబాహుడికి రాబోయే రోజులు కళ్ళముందు కనబడ్డాయి. నాయనమ్మ జన్మంతా ఈ పిచ్చివాడి కాళ్ళకింద పడి ఉండటం, తాను ఎదుట నిలబడి రోజూ చూస్తూ ఉండటం. ఆ ఊహకే అతనికి దుఃఖం ముంచుకొచ్చి, వస్తున్న బంతి ముందు తల వంచేశాడు.

బంతి వచ్చి ఠప్పున అతని నడినెత్తిన తగిలింది. తగిలి, ఎగిరి, వల దాటి, అవతల పడవ మీద పడి, పాడుకుంటున్న మాంత్రికుడి పక్కనుంచి నేలకి దూకింది.

"గవ్వ యువరాజుది," అంది సాలభంజిక.

రత్నబాహుడు చేతుల వంక చూసుకున్నాడు. కదల్లేదు! ఎందుకు కదులుతాయి? పెద్దవాళ్ళకి తల తగిలితే తప్పెక్కడుంది? అది పాదాభివందనమే కదా!

"నాయనమ్మా!" అని అరిచాడు. "నీ పాదాలు ఎటువైపున్నాయి?"

"బంతికి పాదాలేమిట్రా! అన్నివైపులా ఉన్నాయనుకో!"

"అయితే దీవించు!"

"దీర్ఘాయుష్మాన్ భవ!" అంది బంతి, అలవాటుకొద్దీ.

ఇక చూడాలి ఆ ఆట! వచ్చిన బంతిని రత్నబాహుడు తలతో అందుకునేవాడు, అది నమస్కారం. ఛాతీ మీదికి దించుకునేవాడు, అది కౌగిలింత. భుజంతో అవతలికి విసిరేవాడు, అది పల్లకీ మోసినట్టు. పెద్దవాళ్ళని మొయ్యడం మనవడి ధర్మం. నమస్కారం, కౌగిలింత, పల్లకీ. కౌగిలింత, నమస్కారం, పల్లకీ. ఒక్క అవయవం రెండుసార్లు వరసగా తాకలేదు. చేతులు రెండూ గజ్జెలయ్య చెప్పినట్టే అందంగా వేలాడుతున్నాయి. గవ్వ మీద గవ్వ టింగుటింగుమని యువరాజు గిన్నెలో పడుతోంది.

"మెల్లిగా రా, కళ్ళు తిరుగుతున్నాయి!" అంటోంది బంతి. "ఆ భుజం ఎముకేమిట్రా అలా గుచ్చుకుంటోంది? ఇంటికొచ్చాక రోజూ మినపసున్ని తినాలి నువ్వు!"

మాంత్రికుడి పాట ఆగిపోయింది. నోట్లో ఏదో గొణిగి చిటిక వేశాడు. అంతే, పడవ వీపంతా ఆవనూనె ఊరి, బంతి ఎటు పడి ఎటు జారుతుందో తెలియకుండా పోయింది. జారిన బంతి తిన్నగా ఆయన కాలికిందకే పోయింది. నూనె అంటుకుని చీర పాడైందన్న కోపంతో రాజమాత ఆయన బొటనవేలు కసుక్కున కొరికింది. మాంత్రికుడు కుయ్యోమంటూ సాలభంజిక దగ్గరికి కుంటుకుంటూ పోయాడు.

"బంతి కరవకూడదని శాస్త్రంలో లేదు," అంది సాలభంజిక. "గవ్వ యువరాజుది."

వక్రకేతుడు ఈసారి రెండు చేతులా చిటికెలు వేశాడు. ఎగిరిన బంతి ఒకటి మూడయింది. మూడూ గుమ్మడిపండు రంగే, మూడింటికీ జరీ అంచే, మూడింటికీ ముక్కుపుడకే. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి నడుమకి దూసుకొచ్చాయి. అసలుది నేలబడితే గవ్వ పోతుంది. మాయబంతిని తాకితే కళ్ళు పోతాయి. పైగా మూడూ మాట్లాడుతున్నాయి.

"నాయనా రత్నం, ఇటు రా బంగారూ!" అంది కుడివైపు బంతి.

"నా చిట్టి తండ్రీ, నన్ను కాపాడవూ!" అంది నడుమ బంతి.

"నిలబడి గుడ్లప్పగించి చూస్తావేమిట్రా, దున్నపోతా!" అంది ఎడమవైపు బంతి.

రత్నబాహుడు ఎడమవైపుకి దూకి తల ఒగ్గాడు. మాయబంతులు రెండూ నేలకి తగిలి పొగై పోయాయి. అసలు బంతి వల దాటి మాంత్రికుడి గడ్డం జడలో చిక్కుకుంది. ఆయన అది విడదీసుకునేలోగా ఇంకో గవ్వ పోయింది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు వక్రకేతుడు పడవ మీద పడ్డాడు. "ఈ పడవ వంకరగా ఉంది!" అని గోలపెట్టాడు. "వంకరగా ఉంటేనే పడవ" అంది సాలభంజిక. ఉక్రోషం పట్టలేక మాంత్రికుడు మంత్రాలన్నీ పక్కనపెట్టి నిజంగా ఆడటం మొదలుపెట్టాడు. అదీ అసలు ప్రమాదం. నిజంగా ఆడితే ఆయన్ని మించినవాడు మూడు లోకాల్లో లేడు. మోకాలు, మడమ, నుదురు. చూస్తుండగానే రెండు గవ్వలు లాగేశాడు. ఆయన గిన్నెలో ఆరు. యువరాజు గిన్నెలోనూ ఆరు.

పొద్దు సముద్రం అంచుకి ఆనింది. నీళ్ళమీద ఎర్రటి బాట పరుచుకుంది. వేదిక మీది ముత్యాలన్నీ నెత్తుటి బొట్లై మెరిశాయి. గజ్జెలయ్య కళ్ళు మూసుకుని తనకి తెలిసిన దేవుళ్ళందరికీ, తెలియని దేవుళ్ళలో కొందరికీ మొక్కుకున్నాడు.

చివరి గవ్వకి ఆట మొదలైంది. బంతి ఇటు, అటు, ఇటు, అటు. ఎవరూ తప్పలేదు. సూర్యుడు సగం మునిగాడు. అప్పుడు వక్రకేతుడు ఒక చిరునవ్వు నవ్వి, గట్టిగా కొట్టబోతున్నట్టు కాలెత్తి, మడమతో బంతిని సుతారంగా నిమిరాడు. అది వల అంచు మీంచి బద్ధకంగా దిగి, ఇవతలి పడవ వాలు మీద ఒక్కసారి తాకి, అంచు వెంట నేలకేసి జారింది.

తల వంచుదామంటే పడవ అడ్డం. పడవకి ఒళ్ళు తగిలితే ఆట పోతుంది. ఛాతీ అందదు, భుజం అందదు. జానెడు ఎత్తున జారిపోతున్న ఆ బంతిని అందుకోగలిగింది కాలు ఒక్కటే. కాలు లేచింది. లేచి, ఆగింది. ఎంత చెప్పినా అది నాయనమ్మ. చేతులు అప్పుడే ముందుకి వంగుతున్నాయి.

"ఒరేయ్!" అంది బంతి. "నెలల పిల్లాడివప్పుడు నా ఒళ్ళో పడుకుని రోజూ నా గడ్డం మీద తన్నేవాడివిరా! ముందుపళ్ళు రెండూ కదిలిపోయాయి. అప్పుడు కళ్ళకద్దుకున్నావా? అద్దుకోమని నేనడిగానా? ఆ తన్నులు తిని నవ్వుకున్నదాన్నిరా నేను. అమ్మ లేని పిల్లాడికి కాళ్ళలో ఇంత బలముంది, వీడు బతికిపోతాడు అని ఊరంతా చెప్పుకుని మురిశాను. తన్నరా తండ్రీ! అప్పటిలాగే తన్ను!"

ఇంత పెద్ద మాట అంత చిన్న క్షణంలో ఎలా పట్టిందని అడక్కండి. రాజమాత మాట్లాడితే కాలం కూడా నోరు మూసుకుని నిలబడుతుంది.

రత్నబాహుడు తన్నాడు. పొత్తిళ్ళలో పిల్లాడు ఎలా తన్నుతాడో అలా, ఎదుట ఎవరున్నారో ఏమిటో ఎంచకుండా, ఒంట్లో ఉన్న ప్రాణమంతా కాలిలోకి తెచ్చుకుని తన్నాడు. చేతులు పక్కనే ఉండిపోయాయి. వాటికి పనే తట్టలేదు.

"అంత గట్టిగానట్రా, ఒళ్ళూపై తెలియని వె..." అంటూ బంతి వల దాటింది. అవతల పడవ వీపు మీద పిడుగు పడ్డట్టు పడింది. పడి, లేచి, మాంత్రికుడి తలపాగా లాక్కుని, కోటగోడ మీంచి, నెమళ్ళ మీంచి, బురుజు మీంచి సముద్రం మీది ఆకాశంలోకి రివ్వున పోయింది.

"ఏడో గవ్వ యువరాజుది," అంది సాలభంజిక. గిన్నె టింగుమంది. సూర్యుడి చివరి అంచు నీళ్ళలోకి దిగింది.

వక్రకేతుడు బోర్లించిన పడవ మీద బోర్లా పడి వెక్కివెక్కి ఏడవసాగాడు, ఓడినందుకు కాదు, బంతి పోయినందుకు. రత్నబాహుడు ఆయన్ని దాటి గోడ దగ్గరికి పరుగెత్తాడు. శాపం తీరింది సరే. తీరే వేళకి నాయనమ్మ ఎక్కడుందో చూడాలి కదా!

ఆకాశంలో ఉంది. కింద సముద్రం. సముద్రం మీద, నల్ల తెరచాప ఎత్తుకుని ఓడ ఒకటి తీరం వెంట పోతోంది. అది సముద్రపు దొంగల ఓడ అని ఆ తీరంలో ఎండ్రకాయలకి కూడా తెలుసు. బంతి పోయి పోయి ఆ తెరచాప నడుమ పడింది. అక్కణ్ణుంచి కిందికి జారుతూ జారుతూ పొడుగైంది, కాళ్ళొచ్చాయి, చేతులొచ్చాయి, నెరిసిన కొప్పు వచ్చింది. ఓడ మీద దిగేసరికి రాజమాత మహిమాంబాదేవి నిండుగా నిలబడి కోక సర్దుకుంటోంది. చుట్టూ కత్తులు దూసిన దొంగలు.

గాలి ఆవిడ గొంతుని కొండమీదికి మోసుకొచ్చింది. "ఎవర్రా ఇక్కడ పెద్ద? ఈ ఓడ ఊడ్చి ఎన్నాళ్ళయింది? ఆ కత్తులు అవతల పెట్టి ముందు మంచినీళ్ళు తెండి!"

ఆ గొంతు వినేసరికి రత్నబాహుడి కళ్ళవెంట నీళ్ళు జలజలా కారిపోయాయి. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. బతికుంది. మనిషయింది. కాని ఓడ తిరిగింది. దొంగల నాయకుడు చెయ్యి ఊపగానే రెండో తెరచాప కూడా లేచింది. ఓడ నడిసముద్రం దారి పట్టింది.

గజ్జెలయ్య వచ్చి గోడమీంచి కిందికి చూశాడు. కొండ అంచు కింద అలలు చాలా చిన్నగా కనబడ్డాయి. "బాబూ, మెట్లదారిన దిగి, పొద్దున్నే పడవొకటి చూసుకుని..." అన్నాడు.

రత్నబాహుడు అప్పటికే ఉత్తరీయం నడుముకి బిగించి గోడ ఎక్కి నిలబడ్డాడు. పొడుగాటి చేతులు రెండూ ముందుకు చాచాడు. ఈదడానికి అవి అక్కరకొస్తాయి.

"నాయనమ్మ నన్ను తిట్టడం సగంలో ఆగిపోయింది గజ్జెలయ్యా," అన్నాడు. "ఆ మిగతా సగం వింటే గాని నాకు అన్నం సయించదు."

అని, అంత ఎత్తునుంచి సముద్రంలోకి దూకేశాడు.